హకల్‌బెరీ ఫిన్: పట్టించుకునే దిక్కులేని పిల్లాడు ఎదిగిన తీరు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ నవల ఇది? కథ ఎప్పటిది, ఎక్కడిది?

మార్క్ ట్వెయిన్ రాసిన ‘అడ్వెంచర్స్ ఆఫ్ హకల్‌బెరీ ఫిన్’. ఇంగ్లండులో 1884 డిసెంబరులో, అమెరికాలో 1885 ఫిబ్రవరిలో వెలువడింది. కథ మాత్రం అంతకు నలభై యాభై ఏళ్ల కిందటిది, అంటే సుమారు 1835–45 నాటిది. మిసిసిపీ నది ఒడ్డున మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ అనే కల్పిత గ్రామంలో మొదలవుతుంది. ట్వెయిన్ పెరిగిన హానిబల్ ఊరే దీనికి నమూనా.

ఈ కాలవ్యత్యాసం మనసులో పెట్టుకోవాలి. పుస్తకం అచ్చయ్యేసరికి అమెరికాలో బానిసత్వం రద్దయి ఇరవై ఏళ్లు. కథలోని మిస్సోరిలో మాత్రం అది చట్టం, ఆస్తి హక్కు, చర్చిలో వినిపించే నీతి కూడా. జరిగింది తప్పని రచయితకు తెలుసు, పాఠకుడికీ తెలుసు. కథ చెబుతున్న పదమూడు పద్నాలుగేళ్ల పిల్లాడికి మాత్రం తెలియదు. హక్ నైతిక ఎదుగుదల గురించి ఏం మాట్లాడినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

హక్ అనాథా?

కాదు. తల్లి చనిపోయింది. తండ్రి ఉన్నాడు, హక్ అతన్ని ‘పాప్’ అంటాడు. అతను ఉండడమే పిల్లాడికి కష్టం. పాప్ ఊరంతా ఎరిగిన తాగుబోతు. కథ మొదలయ్యేనాటికి ఏడాదికి పైగా అతని జాడ లేదు. హక్ చక్కెర పీపాలో పడుకుంటూ, దొరికింది తింటూ, బడి మొహం చూడకుండా పెరిగాడు.

వాడి పేరున ఆరు వేల డాలర్లు ఉన్నాయి కదా, దిక్కులేనివాడు ఎలా అవుతాడు?

ట్వెయిన్ అంతకుముందు రాసిన ‘టామ్ సాయర్’ నవల చివర్లో హక్, వాడి స్నేహితుడు టామ్ కలిసి గుహలో 12,000 డాలర్ల బంగారం కనుక్కుంటారు. చెరి ఆరు వేలు. జడ్జి థాచర్ ఆ సొమ్మును ఆరు శాతం వడ్డీకి తిప్పితే ఒక్కొక్కరికి రోజుకు డాలరు వస్తుంది. ఆ రోజుల్లో పిల్లాడికి అది ఏం చేసుకోవాలో తెలియనంత డబ్బు.

ఆ డబ్బే పాప్‌ను వెనక్కి రప్పించింది. తండ్రి బూటు ముద్ర మంచులో కనబడగానే హక్ పరుగున జడ్జి దగ్గరికి వెళ్లి, ఉన్నదంతా ఒక్క డాలరుకు ఆయనకు ‘అమ్మేస్తాడు’. తన పేరున చిల్లిగవ్వ లేకపోతే తండ్రికి తనతో పనుండదని వాడి లెక్క. ఎవరూ నేర్పని తెలివి ఇది. దెబ్బలు తిన్న పిల్లలకు ముందే పసిగట్టే గుణం ఒకటి వస్తుంది. నవలలో హక్ తెలివి చాలావరకు ఆ కోవకు చెందినదే.

ఇక చట్టం సంగతి. పిల్లాణ్ని తండ్రి నుంచి తప్పించి తమలో ఒకరికి అప్పగించమని థాచర్, వాణ్ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న విడో డగ్లస్ కోర్టుకు వెళ్తారు. కొత్తగా వచ్చిన జడ్జి ఒప్పుకోడు. కుటుంబాలను విడదీయకూడదని ఆయన సిద్ధాంతం. పైగా పాప్‌ను బాగుచేస్తానని ఇంటికి తీసుకెళ్లి కొత్త బట్టలు కట్టబెడతాడు. పాప్ కన్నీళ్లు పెట్టుకుని మారిపోయానంటాడు. ఆ రాత్రే కిటికీ దిగి, కొత్త కోటు ఇచ్చేసి సారా జాడీ తెచ్చుకుని తాగి, పడి, ఎడమ చెయ్యి రెండు చోట్ల విరగ్గొట్టుకుంటాడు. ఇతన్ని బాగుచేయాలంటే తుపాకీయే గతి అని జడ్జి తేల్చేస్తాడు. నవ్వొస్తుంది. కానీ హక్‌ను మళ్లీ తండ్రి చేతికి అప్పగించింది ఈ మంచి మనిషే.

విడో డగ్లస్ ఇంట్లో బాగానే చూసుకున్నారుగా?

ఆవిడ దయగల మనిషి, హక్ కూడా ఆ మాట ఒప్పుకుంటాడు. ఇరుకు బట్టలు, వేళకు భోజనం, పొగ తాగకూడదనే నియమం వాడికి గిట్టలేదు, అంతే. ఇబ్బంది ఆవిడ చెల్లెలు మిస్ వాట్సన్‌తో. ప్రార్థన, స్వర్గం, నరకం గురించి హక్‌కు పాఠాలు చెప్పేది ఈవిడే. జిమ్ అనే నల్లజాతి బానిసకు యజమాని కూడా ఈవిడే. న్యూ ఆర్లియన్స్‌కు అమ్మనని మాటిచ్చి, ఎనిమిది వందల డాలర్లు వస్తాయనగానే మెత్తబడుతుంది. ఆ మాట చెవిన పడే జిమ్ పారిపోయాడు. నీతి బోధించే నోరు, మనిషికి ధర కట్టే నోరు ఒకటే కావడం కాకతాళీయం కాదు. తర్వాత హక్‌ను భయపెట్టే నరకం కూడా ఈవిడ చెప్పిన నరకమే.

తండ్రి గుడిసె నుంచి హక్ ఎలా తప్పించుకున్నాడు? దశలవారీగా చెప్పగలరా?

ఏడో అధ్యాయం. వాడి స్వతంత్రత ఎలాంటిదో తెలియాలంటే ఈ అధ్యాయాన్ని పని చూసినట్టు చూడాలి.

పాప్ వాణ్ని నదికి మూడు మైళ్లు ఎగువన, ఇల్లినాయి వైపు అడవిలోని దుంగల గుడిసెలో పెట్టి, బయటికి పోయినప్పుడల్లా తాళం వేస్తాడు. ఒకసారి మూడు రోజులు అలాగే వదిలేశాడు. కత్తిగానీ, బయటపడే సాధనంగానీ దొరక్కుండా జాగ్రత్తపడతాడు. హక్‌కు పైకప్పు సందులో పిడి లేని తుప్పు పట్టిన రంపం ఒకటి దొరుకుతుంది. దానికి నూనె రాసి, గోడకు కొట్టిన గుర్రపు దుప్పటి వెనక అడుగు దుంగను కోయడం మొదలుపెడతాడు. దుప్పటి అక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే, కాబట్టి అనుమానం రాదు.

ఈలోగా ఒక రాత్రి పాప్ తాగిన మైకంలో హక్‌ను మృత్యుదూత అనుకుని మడత కత్తి పట్టుకుని గదంతా తరుముతాడు. పాప్ నిద్రపోయాక హక్ తుపాకీ గురిపెట్టి కూర్చుని, అలాగే నిద్రలోకి జారుకుంటాడు. ఇక ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని తేలిపోతుంది.

జూన్ వరదకు పదమూడు పద్నాలుగు అడుగుల దోనె ఒకటి కొట్టుకొస్తే, బట్టలతోనే నీళ్లలోకి దూకి పట్టుకుని, తీగలు కమ్మిన వాగులో దాచేస్తాడు. అదే రోజు తొమ్మిది దుంగల తెప్ప దొరికితే, దాన్ని అమ్ముకు రావడానికి పాప్ మూడున్నర గంటల వేళ తాళం వేసి ఊళ్లోకి పోతాడు. అక్కణ్నుంచి పని ఇలా సాగుతుంది:

మిగిలిన దుంగ కోసి బయటికొస్తాడు. మొక్కజొన్న పిండి బస్తా, పంది మాంసం, కాఫీ, చక్కెర, మందుగుండు, దుప్పట్లు, గాలపు తాళ్లు, అగ్గిపుల్లలు దోనెలోకి చేరవేస్తాడు. కోసిన దుంగ ముక్కను మళ్లీ అదే చోట పెట్టి, జారిపోకుండా కింద రెండు రాళ్లు, వెనక ఒక రాయి ఆనిస్తాడు. నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసినా రంపపు కోత కనబడదు. నేలమీది అడుగుజాడల మీద మట్టి చల్లుతాడు.

తర్వాత అడవి పందిని కాల్చి తెస్తాడు. గొడ్డలితో తలుపు బద్దలు కొడతాడు, బయటివాళ్లు చొరబడ్డట్టు. పంది గొంతు నరికి మట్టి నేల మీద రక్తం కారనిస్తాడు. బస్తాలో రాళ్లు నింపి అక్కణ్నుంచి నది దాకా ఈడుస్తాడు, శవాన్ని లాగినట్టు జాడ పడుతుంది. తన జుట్టు కొంచెం పీకి, రక్తం పూసిన గొడ్డలి వెనక అంటించి, గొడ్డలిని మూలకు విసిరేస్తాడు. పందిని నేరుగా ఎత్తితే చుక్కలు పడతాయి గనక కోటుతో గుండెకు అదుముకుని మోసుకెళ్లి, గుడిసెకు బాగా దిగువన నదిలో పారేస్తాడు. ఆఖరికి పిండి బస్తాకు అడుగున చిల్లు పెట్టి, గుడిసెకు తూర్పున ఉన్న రెల్లు చెరువు దాకా మోస్తాడు. సన్నగా రాలిన పిండి దారి చూస్తే దొంగలు అటు పోయారనుకోవాలి. దారిలో పాప్ సానరాయిని కూడా పడేస్తాడు.

ఇదంతా ఎందుకు? ఊరికే పారిపోతే వెతుకుతారు. చచ్చిపోయాడనుకుంటే నదిలో శవం కోసం నాలుగు రోజులు వెతికి ఊరుకుంటారు. పారిపోవడం తెలిసిన పిల్లలు చాలామంది ఉంటారు. వెంటపడే కారణాన్నే లేకుండా చేయడం హక్‌కే తట్టింది. ఇంత చేసి, టామ్ సాయర్ ఉంటే ఇంకా సొగసుగా చేసేవాడని నొచ్చుకుంటాడు! తన పనితనం విలువ తనకే తెలియదు. ఆ లోటు నవల చివర్లో జిమ్ ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ ఎత్తులో లోపమేమీ లేదా?

ఉంది, చాలా పెద్దది. సారాంశ పుస్తకాల్లో ఇది సాధారణంగా కనబడదు. హక్ ‘హత్య’ జరిగిన రాత్రే జిమ్ పారిపోయాడు. ఊరు మొదట పాప్‌ను అనుమానించి, తర్వాత నేరాన్ని జిమ్ మీదికి నెట్టింది. జిమ్ తలకు 300 డాలర్లు, పాప్‌కు 200 డాలర్లు వెల కట్టారు. ఒక పిల్లాడి స్వేచ్ఛ కోసం వేసిన నాటకం మరో మనిషిని హంతకుణ్ని చేసింది.

పదకొండో అధ్యాయంలో ఆడపిల్ల వేషం వేసుకుని ఊళ్లోకి వెళ్లినప్పుడు జుడిత్ లాఫ్టస్ అనే కొత్తావిడ నోట ఇదంతా బయటపడుతుంది. హక్, జిమ్ కలుసుకుని దాక్కున్న జాక్సన్ ద్వీపంలో పొగ చూశానని, భర్త ఆ రాత్రే అక్కడ వెతకబోతున్నాడని కూడా ఆవిడే చెబుతుంది. సూదిలో దారం ఎక్కించిన తీరు, ఎలుక మీదికి సీసపు ముద్ద విసిరిన తీరు, ఒళ్లోకి వేసింది మోకాళ్లు దగ్గరికి చేర్చి పట్టుకున్న తీరు చూసి, మగపిల్లాడివేనని ఆవిడ కనిపెట్టేస్తుంది. హక్ ద్వీపానికి వచ్చి పడుతూనే జిమ్‌ను లేపి, లే, మన వెంట పడ్డారంటాడు. నిజానికి వెతుకుతున్నది జిమ్ ఒక్కడి కోసం. హక్ చచ్చాడనే ఊరి నమ్మకం. ఆ ‘మన’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. వాడు ఆలోచించి అన్నది కాదు, అందుకే దానికంత బరువు.

బతకడం వచ్చినవాడు అప్పటికే మానసికంగా ఎదిగినట్టు కాదా?

కాదు. పరీక్ష జవాబుల్లో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే. హక్‌కు చేతనైనతనం ఏడో అధ్యాయానికే పూర్తిగా వచ్చేసింది. నైతికంగా కదలిక మాత్రం ఇంకా మొదలు కాలేదు. పదో అధ్యాయంలో తమాషాకు చచ్చిన పామును జిమ్ దుప్పటి దగ్గర చుట్టచుట్టి పెడతాడు. చచ్చిన పాము దగ్గరికి దాని జోడు వస్తుందన్న సంగతి మరిచిపోతాడు. అది జిమ్ మడమ మీద కాటేస్తుంది. నాలుగు రాత్రులు, నాలుగు పగళ్లు జిమ్ పడకేస్తాడు. హక్ చేసిన పనేమిటి? చంపిన పాముల్ని చాటుగా పొదల్లోకి విసిరేసి, తప్పు తనదని జిమ్‌కు తెలియకుండా చూసుకున్నాడు.

పదిహేనో అధ్యాయంలో పొగమంచు వేళ మళ్లీ ఇలాంటి తమాషాయే. అప్పటి తేడాను చూడడానికి ఈ పాము సంగతి కొలతబద్దగా పనికొస్తుంది.

మార్పును ఏ అధ్యాయాల్లో పట్టుకోవాలి?

ముఖ్యంగా 10, 15, 16, 31. వీటికి తోడు 23, 28, 33. సమయం లేనివాళ్లు కనీసం 15, 16, 31 మూలంలో చదవాలి.

పదిహేనో అధ్యాయంలో క్షమాపణకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

ద్వీపం విడిచి ఇద్దరూ తెప్ప మీద నది దిగువకు పోతుంటారు. పొగమంచులో హక్ ఉన్న దోనె, జిమ్ ఉన్న తెప్ప విడిపోతాయి. రాత్రంతా వెతికి, హక్ పోయాడనుకుని ఏడ్చి, అలసి జిమ్ నిద్రపోతాడు. హక్ చల్లగా తెప్పెక్కి, అదంతా నువ్వు కన్న కలేనని నమ్మిస్తాడు. తెప్ప మీద పడి ఉన్న ఆకులు, చెత్త, విరిగిన తెడ్డు చూసి జిమ్‌కు విషయం అర్థమవుతుంది. ఆ చెత్తను చూపించి, నమ్మిన స్నేహితుణ్ని సిగ్గుపడేలా చేసేవాళ్లు కూడా చెత్తేనని చెప్పి, లేచి గుడారంలోకి వెళ్లిపోతాడు. అరవడు, కొట్టడు. కొట్టే పెద్దవాణ్ని మాత్రమే చూసిన పిల్లాడికి ఇది పూర్తిగా కొత్త.

ఒక నల్లజాతి బానిస ముందు తలవంచడానికి మనసు కూడగట్టుకోవడానికి పదిహేను నిమిషాలు పట్టిందని, అయినా ఆ పని చేశానని, ఎన్నడూ చింతించలేదని హక్ చెబుతాడు. ఆ పదిహేను నిమిషాలను దాటేసి క్షమాపణను మాత్రమే పొగిడితే సగమే చదివినట్టు. ఆ ఆలస్యంలో మిస్సోరి మొత్తం ఉంది.

పదహారో అధ్యాయంలో జిమ్‌ను పట్టివ్వడానికే బయల్దేరాడు కదా?

అవును. స్వేచ్ఛ దగ్గరపడేకొద్దీ జిమ్ తన పథకం చెబుతుంటాడు: డబ్బు కూడబెట్టి భార్యను విడిపిస్తాను, పిల్లల్ని ఇవ్వకపోతే ఎవరిచేతనైనా దొంగిలింపజేస్తాను అని. హక్ నిలువునా నీరైపోతాడు. తన దృష్టిలో ఆ పిల్లలు ఎవరో పరాయి మనిషి ఆస్తి, తనకు ఏ అపకారమూ చేయని మనిషి ఆస్తి.

దోనెలో ఒడ్డుకు బయల్దేరితే, నువ్వొక్కడివే నాకున్న స్నేహితుడివని వెనక నుంచి జిమ్ కేకేస్తాడు. అంతలో పారిపోయిన ఐదుగురి కోసం తుపాకులతో వెతుకుతున్న ఇద్దరు ఎదురవుతారు. తెప్ప మీది మనిషి తెల్లవాడా, నల్లవాడా? తెల్లవాడేనంటాడు హక్. వచ్చి చూస్తామంటే, దయచేసి రండి, నాన్న జబ్బుగా ఉన్నాడు, ఎవర్ని పిలిచినా సాయం చేయకుండా పోతున్నారని బతిమాలతాడు. మసూచి అని తన నోటితో అనడు, వాళ్లే ఊహించుకునేలా చేస్తాడు. వాళ్లు వెనక్కి తగ్గి, చెరో ఇరవై డాలర్ల బంగారు నాణెం చెక్క మీద పెట్టి వదులుతారు.

తర్వాత వాడు వేసుకునే లెక్క చూడండి. జిమ్‌ను పట్టిస్తే ఇప్పటికన్నా బాగుండేదా? ఉండేది కాదు. అయితే ఒప్పు చేయడానికి కష్టపడి, తప్పు చేయడానికి కష్టం లేనప్పుడు, రెండింటికీ దక్కేది ఒకటే అయినప్పుడు ఒప్పు నేర్చుకుని లాభమేమిటి? ఇకమీదట అప్పటికి ఏది తోస్తే అది చేస్తానంటాడు. ఇది సిద్ధాంతమేమీ కాదు, చేతులెత్తేయడం. ఈ దశలో హక్ మారాడని రాస్తే తొందరపడ్డట్టే.

మరి ముప్పై ఒకటో అధ్యాయంలో ఏం జరుగుతుంది?

‘రాజు’, ‘డ్యూక్’ అని చెప్పుకునే మోసగాళ్లలో రాజు నలభై డాలర్లకు జిమ్‌ను అమ్ముకుంటాడు. ఎలాగూ బానిసగానే ఉండాలంటే కుటుంబం దగ్గరే ఉంటాడులే అని హక్ మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాయాలనుకుంటాడు. ప్రార్థన చేయబోతే మాట రాదు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి ప్రార్థించలేమని అర్థమవుతుంది. ఉత్తరం రాస్తాడు. ఒకే వాక్యం ఉన్న ఉత్తరం: జిమ్ ఎక్కడున్నాడు, ఎవరి దగ్గరున్నాడు, బహుమతి పంపిస్తే అప్పగిస్తారు. రాయగానే జన్మలో మొదటిసారి పాపం కడిగేసుకున్నంత తేలిక.

అక్కడ ఆగిపోయి ఉంటే విడో డగ్లస్ ఇంటి చదువు గెలిచేది. కానీ వాడు వెంటనే ప్రార్థించడు. కాగితం పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు. ఏ ఆలోచన? బానిసత్వం మంచిదా చెడ్డదా అని కాదు. తన నిద్ర చెడకుండా తన వంతు కాపలా కూడా జిమ్ కాయడం, పొగమంచులోంచి తిరిగొచ్చినప్పుడు అతని మొహంలో సంతోషం, ముద్దు పేర్లతో పిలవడం. ఎంత వెతికినా జిమ్ మీద మనసు రాయి చేసుకోవడానికి ఒక్క సంఘటన దొరకదు. కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుని, వణుకుతూ, ఊపిరి బిగబట్టి, సరే, నరకానికే పోతానని చింపేస్తాడు.

నరకం మాట వాడికి అలంకారం కాదు, నిజంగా నమ్ముతాడు. తను చేస్తున్నది మంచిపని అని ఒక్క క్షణమైనా అనుకోడు. పొగడ్త లేదు, స్వర్గం లేదు, తను చేసింది ఒప్పన్న తృప్తి కూడా లేదు. దీనికంటే కఠినమైన పరీక్ష నవలల్లో అరుదు.

మనస్సాక్షి మంచే చెప్పాలి కదా? ఇక్కడ అది జిమ్‌ను పట్టించమంటుందేం?

హక్‌ మనస్సాక్షి పుట్టుకతో వచ్చింది కాదు, ఊరు పెట్టింది. బడికి, చర్చికి అంతంతమాత్రంగా వెళ్లినవాడికి కూడా అది అంటుకుంది, గాలిలో ఉన్న జబ్బులా. ట్వెయిన్ 1895లో తన నోటుబుక్‌లో ఈ పుస్తకం గురించి రాసుకున్నది ఇదే: ఆరోగ్యంగా ఉన్న హృదయం, వికృతమైన మనస్సాక్షి ఢీకొంటే మనస్సాక్షి ఓడిపోయింది.

వాణ్ని ఎవరూ పట్టించుకోకపోవడం ఇక్కడ ఒక విధంగా కలిసొచ్చింది. ఊరి పాఠాలు వాడిలో పైపైనే ఉన్నాయి, టామ్‌లో ఉన్నంత లోతుగా లేవు. అలాగని నిర్లక్ష్యం మేలు చేసిందని తేల్చేయకండి. నిర్లక్ష్యం ఖాళీ జాగా మాత్రమే మిగిల్చింది, దాన్ని నింపింది జిమ్.

ఇన్ని అబద్ధాలాడేవాణ్ని నీతిమంతుడని ఎలా అంటాం?

అబద్ధాలను ఎవరి కోసం ఆడాడన్న లెక్కన విడదీయండి. జార్జ్ పీటర్స్, జార్జ్ జాక్సన్ లాంటి మారుపేర్లన్నీ ప్రాణరక్షణకు. పాము, పొగమంచు తమాషాలు నవ్వుకోవడానికి, ఆ రెండింటిలోనూ దెబ్బతిన్నది జిమ్. మసూచి అబద్ధం మరో మనిషి కోసం. ఆఖరికి 28వ అధ్యాయంలో, మోసగాళ్లు విల్క్స్ కుటుంబపు ఆస్తి కాజేయబోతుంటే, ఏడుస్తున్న మేరీ జేన్‌కు నిజం చెప్పేస్తాడు. అబద్ధం కంటే నిజమే క్షేమంగా ఉండేలా ఉందే అని తనే విస్తుపోతాడు. నిజం చెప్పడం వాడికి తెలియని నేల మీద అడుగు పెట్టడంలాంటిది.

ఎదురుగా ఇల్లినాయి స్వేచ్ఛా రాష్ట్రమేగా, నది దాటేస్తే పోలా?

మంచి ప్రశ్న. ఇల్లినాయిలో బానిసత్వం లేకపోయినా నల్లజాతివాళ్లను కట్టడి చేసే చట్టాలు ఉండేవి. స్వేచ్ఛా పత్రం చూపించలేనివాణ్ని పట్టుకోవచ్చు. 1793 నాటి కేంద్ర చట్టం ప్రకారం యజమాని వచ్చి తీసుకెళ్లనూవచ్చు. పైగా 300 డాలర్ల బహుమతి ఆశించేవాళ్లకు అది పక్క ఒడ్డే. అందుకే ఒహాయో నది మిసిసిపీలో కలిసే చోట ఉన్న కైరో పట్టణం వద్ద తెప్ప అమ్మేసి, స్టీమరెక్కి ఒహాయో నది మీదుగా స్వేచ్ఛా రాష్ట్రాల లోలోపలికి వెళ్లాలని పథకం. పొగమంచులో కైరో దాటిపోవడంతో అది చెడింది. తర్వాత ప్రతి మైలూ బానిసత్వపు నడిగడ్డలోకే.

జిమ్‌ను హక్‌కు తండ్రిలాంటివాడనవచ్చా?

అనవచ్చు, కొంత జాగ్రత్తతో. తొమ్మిదో అధ్యాయంలో వరదకు కొట్టుకొచ్చిన ఇంట్లో శవం మొహం చూడవద్దని జిమ్ కప్పేస్తాడు. అది పాప్ శవమని చివరి అధ్యాయంలో గానీ చెప్పడు. అది ఆప్యాయతేనని ఎక్కువమంది అంటారు. తండ్రి చచ్చాడని తెలిస్తే పిల్లాడు ఊరికి తిరిగిపోతాడనే భయం కూడా ఉండి ఉండవచ్చని కొందరంటారు. రెండూ కలిసే ఉండవచ్చు, జిమ్ కూడా ప్రాణం దక్కించుకోవాల్సిన మనిషే.

జిమ్‌ను హక్‌కు పాఠం చెప్పే సాధనంగా కుదించకండి. 23వ అధ్యాయంలో కూతురు ఎలిజబెత్ సంగతి చదవండి. స్కార్లెట్ జ్వరంతో ఆ పిల్లకు చెవుడు వచ్చిందని తెలియక, మాట వినలేదని కొట్టిన చేతిని జిమ్ ఇప్పటికీ క్షమించుకోలేదు. నవలలో తను చేసిన తప్పును ఇంత నగ్నంగా ఒప్పుకున్న పెద్దవాడు మరొకడు లేడు.

చివరి అధ్యాయాల్లో హక్ మళ్లీ టామ్ వెనకే తిరుగుతాడు. ఎదుగుదల వృథా అయినట్టేనా?

ఈ నవల మీద అన్నిటికన్నా పెద్ద వివాదం ఇదే. టామ్ పిన్ని ఆంట్ శాలీ, ఆవిడ భర్త ఫెల్ప్స్ ఇంట్లో బందీగా ఉన్న జిమ్‌ను సులువుగా విడిపించవచ్చు. టామ్ మాత్రం పుస్తకాల్లో చదివిన వీరగాథల పద్ధతిలో ఎలుకలు, పాములు, రక్తంతో రాతలు అంటూ వారాల తరబడి సాగదీస్తాడు. మిస్ వాట్సన్ చనిపోతూ జిమ్‌కు స్వేచ్ఛ ఇచ్చిందని టామ్‌కు ముందే తెలుసు. అమెరికన్ రచయిత హెమింగ్వే ఈ నవలను ఆధునిక అమెరికన్ సాహిత్యానికంతటికీ మూలమంటూనే, జిమ్‌ను ఎత్తుకుపోయిన చోట చదవడం ఆపేయమన్నాడు.

మా అభిప్రాయం: భాగం మరీ పొడుగైంది, హాస్యం చాలాచోట్ల జిమ్‌ను అవమానిస్తుంది. కానీ హక్ మనస్తత్వానికి ఇది విరుద్ధం కాదు. ఏడో అధ్యాయంలోనే తనకంటే టామ్ గొప్పవాడనుకున్న పిల్లాడు వీడు. నరకానికైనా ఒంటరిగా పోగలిగాడు గానీ, చదువుకున్న, మంచి ఇంటి పిల్లాడి ముందు నోరెత్తలేకపోయాడు. ఏ ఆదరణా లేకుండా పెరిగిన పిల్లల్లో ఈ బలహీనత అతి సహజం. టామ్ కాలికి తూటా తగిలినప్పుడు స్వేచ్ఛను వదులుకుని వైద్యుడికి సాయపడింది జిమ్. వైద్యుడు లేనిదే కదలనని జిమ్ అన్నప్పుడు హక్ చేసిన ప్రశంస, అతను లోపల తెల్లవాడేనని. అక్కడికే వెళ్లగలిగాడు.

అలాంటప్పుడు హక్ బానిసత్వాన్ని వ్యతిరేకించాడని రాయవచ్చా?

రాయకూడదు. జిమ్‌ను వదులుకోలేదు, అంతే. 32వ అధ్యాయంలో స్టీమరు ప్రమాదం కట్టుకథ చెబుతుంటే, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని ఆంట్ శాలీ అడుగుతుంది. లేదండీ, ఒక నల్లవాడు చచ్చాడంటాడు. అదృష్టం, ఒక్కోసారి మనుషులకు దెబ్బలు తగులుతాయంటుంది ఆవిడ. ఆవిణ్ని నమ్మించడానికే హక్ ఆ భాష వాడాడని కొందరు, వాడిలో అది ఇంకా మిగిలే ఉందని కొందరు. ఏ పక్షాన రాసినా 31 నుంచి 32కు ఒక్క పేజీ దూరమేనని గుర్తుంచుకుని రాయండి.

పుస్తకాన్ని నిషేధించారని విన్నాం. పిల్లలకు ఇవ్వవచ్చా?

1885లోనే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం తీసేసింది. మొరటు భాష, మర్యాద లేని పిల్లాడు అన్నది అప్పటి అభ్యంతరం. ఇరవయ్యో శతాబ్దంలో అభ్యంతరం మారింది: నల్లజాతివాళ్లను కించపరిచే మాట ఇందులో 200 సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణ ఆ మాట తీసి ‘బానిస’ అని పెట్టింది. అలా మార్చిన ప్రతితో హక్ పదిహేను నిమిషాల సంకోచం ఎందుకో అర్థం కాదు, కాబట్టి మూలమే మేలు. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు, పక్కన మాట్లాడే పెద్దవాళ్లుంటే, ఇవ్వవచ్చు.

వ్యాసం రాసేటప్పుడు ఏ పొరపాట్లు జరుగుతాయి?

ట్వెయిన్ మాటను, హక్ మాటను ఒకటి చేసేయడం మొదటిది. మార్పును మెట్ల వరుసలా చూపించడం రెండోది. వాడు ముందుకు వెళ్లి వెనక్కి వస్తాడు, ఆ వెనకడుగులు కూడా రాయాలి. ‘నది స్వేచ్ఛకు ప్రతీక’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం మూడోది. ఆ నది వాళ్లను దక్షిణానికి, బానిసత్వం మరింత గట్టిగా ఉన్న చోటికే తీసుకుపోతోంది. చివర్లో అమెరికా ఆదివాసుల (ఇండియన్ల) భూభాగానికి పారిపోతానన్న మాటను విజయంగా చదవడం ఇంకోటి. ఆంట్ శాలీ దత్తత తీసుకుంటానంటే వాడికి మళ్లీ విడో డగ్లస్ ఇల్లే కనబడింది. ఆదరణకూ, కట్టడికీ తేడా చూడడం వాడికి ఎవరూ నేర్పలేదు.

‘టామ్ సాయర్’ ముందు చదవాలా? ఏ ప్రతి తీసుకోవాలి?

తప్పనిసరి కాదు. గుహలో డబ్బు సంగతి తెలిస్తే చాలు, అది మొదటి పేజీలోనే ఉంది. తెలుగులో కావాలంటే నండూరి రామమోహనరావు అనువాదం ఉంది. ఇంగ్లీషులో చదివేవాళ్లు ఇ.డబ్ల్యు. కెంబుల్ బొమ్మలున్న ప్రతి దొరికితే తీసుకోండి, మొదటి ముద్రణకు వేసిన బొమ్మలవి.

రెండు ప్రతుల్లో పదహారో అధ్యాయం నిడివి తేడాగా ఉంటే కంగారుపడకండి. పెద్ద తెప్ప మీది పడవవాళ్ల గొడవను హక్ చాటుగా వినే భాగాన్ని ట్వెయిన్ 1883లో ‘లైఫ్ ఆన్ ది మిసిసిపీ’లో వాడుకున్నాడు. ఆ తర్వాత ఈ నవల మొదటి ముద్రణలో వదిలేశారు. ఇటీవలి కొన్ని ప్రతుల్లో మళ్లీ చేర్చారు. పరీక్షకు చదివేవాళ్లు పుట సంఖ్యకు బదులు అధ్యాయం సంఖ్య ఉదహరిస్తే ఏ ప్రతితోనూ ఇబ్బంది రాదు.